ఎర్ర చొక్కా, ఉంగరాల జుట్టు: తేలని కిడ్నాప్ కేసుల్లో చిన్న వివరాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

బెజవాడలో పదకొండేళ్లు రిపోర్టరుగా క్రైమ్ బీట్ చూశాను. ఉద్యోగం మానేశాను గానీ ప్రశ్నలు నన్ను మానలేదు. పెళ్లిలో పంక్తి పక్కనాయన అడుగుతాడు, గుంటూరు వెళ్తే అరండల్‌పేటలో టీ తాగుతూ అడుగుతారు. "ఆ పిల్లాడి కేసు ఏమైందండీ? అసలు ఎందుకు తేల్లేదు?" అని. మళ్లీ మళ్లీ వచ్చేవాటికి ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మన ఊళ్ల కేసుల పేర్లు మాత్రం రాయను. గేటు చప్పుడైతే ఇప్పటికీ లేచి చూసే అమ్మలున్నారు. ఊరు, తేదీ చెప్పి రాసినవి జరిగినవి. "అనుకుందాం" అని రాసినవి ఊరికే ఉదాహరణకి.

చిన్న వివరం అంటే అసలు ఏంటండీ?

మా ఇంట్లో జరిగిందే చెప్తాను. నా చిన్నప్పుడు దసరాల్లో, మూలా నక్షత్రం రోజు, దుర్గమ్మ కొండ దగ్గర మా పిన్ని కొడుకు తప్పిపోయాడు. వాడికి అయిదేళ్లు. ఆ రోజు జనం ఎలా ఉంటారో బెజవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు. బాబాయి మైకు దగ్గరికి పరిగెత్తి ఆనవాళ్లు చెప్పాడు: ఎర్ర చొక్కా, నల్ల నిక్కరు, ఉంగరాల జుట్టు. రెండు గంటలపాటు అదే చదివారు. పిన్ని ఏడుపు ఒక పక్క, తాతయ్య మొక్కులు ఒక పక్క.

చివరికి మంచినీళ్లు పోసే వాలంటీరు ఒకాయన మా బాబాయి నున్నటి గుండు, దాని మీద ఎండిపోయిన గంధం చూసి, "బాబుకి కూడా చేయించారా?" అని అడిగాడు. చేయించారు! పొద్దున్నే ఘాట్ దగ్గర తండ్రీకొడుకులిద్దరూ తలనీలాలు ఇచ్చారు. ఉంగరాల జుట్టు అక్కడే ఉండిపోయింది, బాబాయి మనసులో మాత్రం ఇంకా వాడి నెత్తి మీదే ఉంది. మావాడు ఆ మైకు టెంటు వెనకాలే, ఒక బల్ల మీద కూర్చుని ఎవరో పెట్టిన పులిహోర తింటున్నాడు. మైకు విని పిల్లాణ్ణి వెతికినవాళ్లందరూ వాణ్ణి దాటుకునే వెళ్లారు.

అలాంటి వివరం ఒకటి దొరికితే కేసు తేలిపోతుందా?

సినిమాల్లో తేలుతుంది. నేను చూసినంతలో, చిన్న వివరం దోషిని తెచ్చి ముందు నిలబెట్టదు. మనం అనుకుంటున్నామని మనకే తెలియని ఒక ఊహని బయటికి లాగి కొట్టేస్తుంది, అంతవరకే దాని పని. చిక్కంతా ఆ తర్వాత వస్తుంది. కొట్టేసిన చోట ఖాళీగా ఉంచడం మన వల్ల కాదు. వెంటనే ఇంకో ఊహ తెచ్చి అక్కడ కూర్చోబెడతాం. కొత్తది కాబట్టి అది పాతదానికంటే నిజంలా ఉంటుంది కూడా.

ఒక్క వివరంతో కేసు దారి మొత్తం మారిపోయిన సందర్భం ఉందా?

ఉంది, కానీ మారింది తప్పుదారికి. అందుకే దీన్ని కాస్త వివరంగా చెప్తాను.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, సెయింట్ జోసెఫ్ అనే చిన్న ఊరు. 1989 అక్టోబర్ 22 రాత్రి. జేకబ్ వెటర్లింగ్ అనే 11 ఏళ్ల పిల్లాడు, తమ్ముడితో, స్నేహితుడితో కలిసి సైకిళ్ల మీద షాపుకెళ్లి వీడియో క్యాసెట్ తీసుకుని ఇంటికొస్తున్నాడు. ముసుగు వేసుకున్న మనిషి ఒకడు తుపాకీతో ఆపాడు. ముగ్గురినీ పడుకోబెట్టి వయసులు అడిగాడు. మిగతా ఇద్దరినీ వెనక్కి చూడకుండా పరిగెత్తమని, జేకబ్‌ని తీసుకుపోయాడు.

అక్కడే ఒక పొలం ఇంటికి వెళ్లే దారి ఉంది. దాని మీద కారు టైర్ల గుర్తులు, బూట్ల గుర్తులు దొరికాయి. కారులో వచ్చాడు, కారులో పోయాడు అన్నది మొదటి ఊహ. ఏళ్ల తరబడి అదే నడిచింది. దశాబ్దం దాటాక ఒకతను ముందుకొచ్చి, ఆ రాత్రి సంగతి తెలిసి ఏం జరిగిందో చూద్దామని అక్కడిదాకా కారు తీసుకెళ్లింది తానే అని చెప్పాడు. అంటే టైర్ల గుర్తులు కిడ్నాపర్‌వి కావు.

ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత నడిచిన ఆలోచన చూడండి. టైర్ల గుర్తులు కిడ్నాపర్‌వి కావు, కాబట్టి అతను కారులో రాలేదు. కారులో రాలేదు, కాబట్టి నడిచొచ్చాడు. నడిచొచ్చాడంటే దగ్గర్లోవాడే. దగ్గర్లో ఎవరున్నారు? ఆ దారి చివర ఇంట్లో ఉండే మనిషి. 2010లో ఆయన పొలం తవ్వారు. అనుమానితుల లెక్కలో ఆయన మాట బాహాటంగా బయటికొచ్చింది. ఆయనకీ ఆ నేరానికీ ఏ సంబంధమూ లేదు.

2016 సెప్టెంబర్‌లో డానీ హైన్రిక్ అనే అతను కోర్టులో ఒప్పుకున్నాడు. కారులోనే వచ్చాడు, కారులోనే తీసుకెళ్లాడు. పిల్లాడి అవశేషాలు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో పేన్స్‌విల్ దగ్గర దొరికాయి. ఇదే హైన్రిక్‌ని కేసు మొదటి నెలల్లోనే ప్రశ్నించి వదిలేశారు. చివరికి దారి చూపించింది టైరూ కాదు, బూటూ కాదు. అదే 1989 జనవరిలో పక్క ఊరు కోల్డ్ స్ప్రింగ్‌లో ఇంకో పిల్లాణ్ణి ఎత్తుకెళ్లి, అఘాయిత్యం చేసి వదిలేసిన కేసు ఉంది. ఆ పిల్లాడి బట్టల మీది డీఎన్ఏ 2015లో హైన్రిక్‌తో సరిపోయింది. 2018లో అక్కడి పోలీసు పెద్ద, షెరిఫే, ఫైళ్లు బయటపెట్టి, దర్యాప్తులో ఎక్కడెక్కడ తప్పులు జరిగాయో విడమరిచి చెప్పాడు.

అయితే ఆలస్యంగా వచ్చిన వివరాన్ని నమ్మకూడదంటారా?

నమ్మాలి. ఆ రాత్రి కారు తీసుకెళ్లినతను చెప్పింది నిజమే. "ఆ గుర్తులు అతనివి" అన్నదాకా నిజం. "కిడ్నాపర్ కారు అక్కడ లేదు" అన్నది ఆ నిజంలోంచి పుట్టదు. రెండిటి మధ్యా దూరిన "కాబట్టి" అనే మాటని ఎవరూ సోదా చేయలేదు.

కొత్త వివరం రాగానే నేనైతే ఒకటే అడుగుతాను: ఇన్నాళ్లూ ఈ పాత వివరం మీద ఆనుకుని నిలబడ్డవి ఏవేవి? వాటన్నిటినీ కిందికి దించాలి. కారు లేదనడానికి వేరే ఆధారం ఏదైనా ఉందా అని చూడాలి. లేకపోతే "కారు ఉందో లేదో తెలీదు" అని రాసుకుని ఆగాలి. కేసు డైరీలో "తెలీదు" అని రాయడం కంటే కష్టమైన పని ఇంకోటి లేదని ఒక రిటైర్డ్ సీఐగారు నాతో అన్నారు. పైవాళ్లు ఒప్పుకోరట.

సాక్షి అబద్ధం చెప్పకపోయినా కేసు పక్కదారి పడుతుందా?

బ్రహ్మాండంగా. 2007 మే 3 రాత్రి పోర్చుగల్‌లోని ప్రయా ద లూజ్‌లో మేడలిన్ మెకాన్ అనే మూడేళ్ల పాప మాయమైంది. ఆ రాత్రి 9:15 ప్రాంతంలో ఒక మనిషి పిల్లని ఎత్తుకుని వెళ్తుండగా చూశానని కుటుంబ స్నేహితురాలు చెప్పింది. ఆవిడ చూసిన మాట నిజం. ఆరేళ్లు లోకమంతా ఆ మనిషి కోసం, ఆ 9:15 చుట్టూ వెతికింది. 2013లో స్కాట్లాండ్ యార్డ్ (లండన్ పోలీసులు) తేల్చిందేమిటంటే, ఆయన బహుశా సెలవులకొచ్చిన ఒక తండ్రి, రాత్రిపూట పిల్లల్ని చూసుకునే క్రెష్ నుంచి సొంత కూతుర్ని ఇంటికి తీసుకెళ్తున్నాడని. దాంతో చూపు రాత్రి పది గంటల వైపు మళ్లింది. ఆ కేసు ఇప్పటికీ తేల్లేదు. కానీ ఆరేళ్లు ఒక ముప్పావుగంటని ఎవరూ సరిగ్గా చూడలేదన్నది మాత్రం తేలింది.

మన దగ్గర, మన భాషలో ఇలాంటి తేడాలు ఎక్కడొస్తాయి?

ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తుంటాను.

రంగు దగ్గర మొదలుపెడదాం. "పచ్చ చొక్కా వేసుకున్నాడయ్యా" అని ఒక ముసలమ్మ చెప్పిందనుకుందాం. స్టేషన్‌లో కుర్ర రైటరు ఆకుపచ్చ అని రాసుకుంటాడు. ఆవిడ వయసువాళ్లకి పచ్చ అంటే పసుపు కూడా కావచ్చు. పచ్చకామెర్లు ఏ రంగు? పచ్చగడ్డి ఏ రంగు? రెండూ పచ్చే. ఇక ఆ కాగితం పై అధికారి దగ్గరికి ఇంగ్లిషులో వెళ్తే అక్కడ "గ్రీన్" అయిపోయి ఉంటుంది. పసుపు చొక్కావాడు పక్కనే నిలబడి బీడీ కాల్చుకుంటున్నా ఎవరూ చూడరు. ముసలమ్మకి చామంతి పువ్వొకటి, తమలపాకొకటి చూపించి ఏ పచ్చో అడిగితే అర నిమిషంలో తేలిపోయేది.

తర్వాత వారం. "శనివారం రాత్రి ఒంటిగంటప్పుడు కుక్కలు మొరిగాయి" అంటారు మనవాళ్లు. మన లెక్కలో తెల్లారేదాకా అది శనివారం రాత్రే. శనివారం తెల్లవారితే ఆదివారం. పోలీసు గడియారంలో మాత్రం అర్ధరాత్రి దాటగానే ఆదివారం. దాన్ని శనివారం 01:00 అని రాస్తే సాక్ష్యం సరిగ్గా 24 గంటలు వెనక్కి జరిగిపోతుంది. కుక్కలు మొరిగినప్పటికి పిల్ల ఇంట్లోనే పడుకుని ఉంటుంది. ఇక ఆ సాక్ష్యం పనికిరాదని పక్కన పెట్టేస్తారు.

"దీపాలు పెట్టే వేళ" అన్నా అంతే. మన ప్రాంతంలో కార్తీకంలో అయిదున్నర దాటగానే సూర్యుడు దిగిపోతాడు. జ్యేష్ఠంలో ఆరున్నర దాటాలి. గంట తేడా. ఆ గంటలో బందరు రోడ్డు మీద ఎన్ని బస్సులు పోతాయి?

అన్నిటికంటే నన్ను ఎక్కువ భయపెట్టేది పిలుపు. "బాబాయ్ అని పిలుస్తూ బండెక్కాడండీ" అని సాక్షి చెప్పిందనుకుందాం. అంతే, ఇంట్లో వాళ్ల పనే అని తీర్మానం. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆటో అతను బాబాయే, కొబ్బరిబోండాల అతను బాబాయే. పిలుపులో చుట్టరికం లేదు. కానీ ఆ మాట పట్టుకుని సొంత బాబాయిని మూడు రోజులు స్టేషన్‌లో కూర్చోబెడితే, ఆ మూడు రోజుల్లో ఆటో ఎంత దూరమైనా పోతుంది.

కాలవలో పడిపోయి ఉంటాడని కేసు మూసేస్తుంటారు కదా. దాన్నెలా చూడాలి?

బెజవాడ ఊరి మధ్యలోంచి ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ పోతున్నాయి. పిల్లాడు కనబడకపోతే మొదటి చూపు అటే. తప్పు లేదు. కానీ ఆ వారం కాలవలో నీళ్లున్నాయా? వేసవిలో మరమ్మతులకి కాలవ కట్టేస్తారు. అడుగున బురద, ప్లాస్టిక్ సంచులు తప్ప ఏమీ ఉండదు. "కాలవ ఎప్పుడు కట్టేశారు, ఎప్పుడు వదిలారు" అన్నది ఇరిగేషన్ వాళ్ల రికార్డులో ఉంటుంది. గట్టు మీద ఇస్త్రీ బండి పెట్టుకున్న మనిషికి రికార్డు చూడకుండానే తెలుస్తుంది. ఆ మనిషిని అడగాలి, అంతే.

సీసీ కెమెరాలున్నాయి కదా, ఇంకా ఈ గొడవలన్నీ ఎందుకు?

కెమెరా అబద్ధం చెప్పదు, దాని గడియారం చెప్తుంది. ఒక మెడికల్ షాపు డీవీఆర్, అంటే కెమెరా రికార్డింగు పెట్టె, నేను కళ్లారా చూశాను. షాపు గోడ మీద తొమ్మిదీ పది, తెర మీద ఎనిమిదీ యాభై రెండు. ఓనర్‌ని అడిగితే "అది అంతేనండీ, కొన్నప్పట్నుంచీ" అన్నాడు. లోపల బటన్ బ్యాటరీ అయిపోయిన పాత పెట్టెల్లో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా తేదీ ఎక్కడికో పోతుంది. రెండు షాపుల ఫుటేజీలు పక్కపక్కన పెట్టి "ఇక్కణ్ణుంచి అక్కడికి ఇరవై నిమిషాలు పట్టింది, మధ్యలో ఎక్కడో ఆగాడు" అని కథలు అల్లేముందు, రెండు గడియారాల తేడా చూడాలి. ఫుటేజీ తీసుకునేటప్పుడే తెరని, పక్కనే మీ ఫోన్ టైమ్‌ని కలిపి ఒక ఫొటో తీసి పెట్టుకోండి. బంగారం అది.

ఇంకోటి. హార్డ్ డిస్క్ నిండితే పాత రికార్డింగు మీదే కొత్తది ఎక్కుతుంది. చాలా షాపుల్లో రెండు మూడు వారాలు, మహా అయితే నెల. "తర్వాత చూద్దాం" అంటే ఉండదు. కోర్టులో చెల్లాలంటే సర్టిఫికెట్ కూడా కావాలి. పాత సాక్ష్య చట్టంలో దాన్ని 65బి అనేవాళ్లు, కొత్త సాక్ష్య చట్టంలో సెక్షన్ 63.

టవర్ లొకేషన్ మాటేంటి?

టవర్ చెప్పేది ఫోను ఏ టవర్‌ని పట్టుకుందో మాత్రమే, మనిషి ఏ గుమ్మంలో ఉన్నాడో కాదు. నది పక్క ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. నీటి మీద సిగ్నల్‌కి అడ్డేమీ ఉండదు. తాడేపల్లి ఒడ్డున కూర్చున్నవాడి ఫోను బెజవాడ టవర్‌ని పట్టుకోవచ్చు. "నది దాటాడు" అని రాసేముందు ఆలోచించాలి. నది దాటితే జిల్లా మారుతుంది, స్టేషన్ మారుతుంది, ఒక్కోసారి కేసు చూసే మనిషే మారిపోతాడు.

పోలీసులు ముందు ఇంట్లోవాళ్లనే ఎందుకు అనుమానిస్తారు?

చాలాసార్లు అక్కడే తేలుతుంది కాబట్టి. కానీ అది మొదటి ప్రశ్నగా ఉండాలి, ఆఖరి జవాబుగా కాదు. జేసీ డుగార్డ్ అనే 11 ఏళ్ల పిల్లని 1991 జూన్‌లో కాలిఫోర్నియాలో బస్‌స్టాప్‌కి వెళ్తుండగా కారులోకి లాక్కుపోయారు. కళ్లారా చూసిన సవతి తండ్రే ఏళ్ల తరబడి అనుమానం మోశాడు. 2009లో బర్క్‌లీ యూనివర్సిటీ క్యాంపస్ పోలీసులు ఇద్దరికి, ఒక మనిషితో వచ్చిన ఇద్దరు ఆడపిల్లల తీరు తేడాగా అనిపించింది. ఆ మనిషి పాత నేరస్థుడు, పెరోల్ మీద ఉన్నాడు. అతని పెరోల్ అధికారికి ఫోన్ చేసి మాటల్లో "వాళ్ల అమ్మాయిలు" అన్నారు. అవతలినుంచి వచ్చిన జవాబు: అతనికి కూతుళ్లు లేరే! ఆ మాటతో 18 ఏళ్ల తర్వాత జేసీ బయటికొచ్చింది. ఆ పిల్లలు ఆమె పిల్లలే.

ఆ ఫోన్‌లో ఎవరూ పెద్ద ప్రశ్న అడగలేదు. ఒక మామూలు మాట అన్నారంతే.

మనిషి కనబడకపోతే 24 గంటలు ఆగి కంప్లైంట్ ఇవ్వాలట, నిజమేనా?

కాదు. ఈ మాట ఎక్కడ పుట్టిందో గానీ చావదు. తప్పిపోయిన పిల్లల ఫిర్యాదు వస్తే కిడ్నాప్ లేదా అక్రమ రవాణా జరిగిందనే అనుకుని ఎఫ్ఐఆర్ కట్టాలని సుప్రీంకోర్టు 2013 మేలో చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (బీఎన్ఎస్ఎస్) సెక్షన్ 173 ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటాం. "అది మంగళగిరి వాళ్లదండీ, అక్కడికెళ్లండి" అంటే మీరు కుర్చీలోంచి లేవక్కర్లేదు. నాలుగు నెలల్లో పిల్ల దొరక్కపోతే కేసు మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి వెళ్లాలి. ఫోన్ చేయడానికి 112, పిల్లలకైతే 1098, రైళ్లలో, స్టేషన్లలో అయితే 139.

ఫిర్యాదులో ఆనవాళ్లు రాసేటప్పుడు అలవాటుగా ఉండేవి కాకుండా ఆ రోజువి రాయండి. మా బాబాయిలా కాకుండా.

కిడ్నాపింగ్, అబ్డక్షన్ ఒకటేనా?

పేపర్లో ఒకటే, చట్టంలో కాదు. 18 ఏళ్ల లోపు పిల్లల్ని సంరక్షకుల అనుమతి లేకుండా తీసుకెళ్తే కిడ్నాపింగ్, పిల్ల ఇష్టపడి వెళ్లినా సరే. ఏడేళ్ల దాకా శిక్ష. బలవంతంగానో మోసం చేసో ఎవర్నైనా ఒక చోటినుంచి కదిలిస్తే అబ్డక్షన్, దానికి వయసుతో పని లేదు. కానీ అది ఏ ఉద్దేశంతో చేశారన్నదాన్ని బట్టే శిక్ష. కాబట్టి "నవ్వుతూ వెళ్లింది" అన్న వివరం పెద్దవాళ్ల కేసుని తలకిందులు చేస్తుంది, పిల్లల కేసుని చేయదు.

మూసేసిన పాత కేసు మళ్లీ తెరుస్తారా?

తెరవొచ్చు. కాలపరిమితి నిబంధన మూడేళ్ల దాకా శిక్ష పడే నేరాలకే, కిడ్నాప్‌కి వర్తించదు. కొత్త ఆధారం దొరికితే మళ్లీ దర్యాప్తు చేయడానికి చట్టంలో వీలుంది. చట్టం అడ్డు కాదు, ఫైలు దొరకడమే కష్టం.

పదేళ్ల కిందటి విషయం ఒకటి ఇప్పుడు గుర్తొచ్చింది. చాలా చిన్నది. చెప్పాలా?

చెప్పండి. చిన్నదో పెద్దదో తేల్చడం మీ పని కాదు. 1932లో లిండ్‌బర్గ్ అనే పేరున్న విమానచోదకుడి పసిబిడ్డని ఎత్తుకెళ్లారు. రెండేళ్లు గడిచాయి. 1934 సెప్టెంబర్‌లో న్యూయార్క్‌లో ఒక పెట్రోల్ బంకులో ఎవరో పది డాలర్ల గోల్డ్ సర్టిఫికెట్ నోటిచ్చారు. ఆ రకం నోట్లు అప్పటికే వెనక్కి తీసుకుంటున్నారు. బ్యాంకు పుచ్చుకుంటుందో లేదో అని బంకు మనిషి ఆ కారు నంబర్‌ని నోటు అంచున పెన్సిల్‌తో రాసుకున్నాడు. అది కిడ్నాపర్‌కి ఇచ్చిన డబ్బులో నోటు. ఆ నంబరే పోలీసులకి దారి చూపించింది. ఆయనకి కిడ్నాప్ ధ్యాసే లేదు, ఉన్న టెన్షనల్లా ఆ పది డాలర్ల గురించే.

చెప్పే ముందు ఒక తెల్లకాగితం మీద రాసుకోండి. మీరు చూసింది ఒక పక్క, తర్వాత పేపర్లో చదివి కలిపేసుకున్నది ఇంకో పక్క. తారీకు గుర్తు లేకపోతే ఆ రోజు ఏం వంట, ఏ పండగ ముందు, కరెంటు ఉందా అని గుర్తు తెచ్చుకోండి. 2016 కృష్ణా పుష్కరాలకి ముందా తర్వాతా అంటే బెజవాడలో ఎవరైనా చెప్పగలరు. కాగితం ఇచ్చి, ముట్టినట్టు కాపీ మీద సంతకం తీసుకోండి.

వాట్సాప్‌లో తప్పిపోయిన పిల్లల ఫొటోలు వస్తే ఫార్వర్డ్ చేయాలా?

తేదీ, స్టేషన్ పేరు లేకపోతే వద్దు. దొరికి కాలేజీలో చేరిన పిల్లల ఫొటోలు కూడా ఇంకా తిరుగుతున్నాయి. 2018లో పిల్లల్ని ఎత్తుకెళ్లేవాళ్లు తిరుగుతున్నారన్న పుకార్లతో దేశంలో చాలా చోట్ల అమాయకుల్ని కొట్టి చంపేశారు.

మీకు ఇప్పటికీ మనసులో తిరిగే వివరం ఏదైనా ఉందా?

ఉంది. నా పాత నోటుబుక్కులో ఒక కేసు పేజీలో, నా చేతిరాతతోనే, ఒక వాక్యం ఉంది: "గేటు గడియ లోపలినుంచే వేసి ఉంది." దాన్ని బట్టి పిల్ల వెనక సందులోంచి వెళ్లిందని రాశాను. పోలీసులూ అటే వెతికారు. గడియ మొదట చూసిందెవరు, అప్పటికి ఎవరైనా లోపలికొచ్చి అలవాటుగా వేసేశారా అని నేను అడగలేదు. ఆ రోజు గేటు దగ్గర పాల ప్యాకెట్లు తీసుకుంటూ ఒక మామ్మగారు నిలబడి ఉన్నారు, ఆవిణ్ణి అడిగితే తెలిసేది. పోయినేడు అటు వెళ్లాను. ఇల్లు కొట్టేసి అపార్ట్‌మెంట్ కట్టారు. గేటు ఉన్నచోట వాచ్‌మన్ కుర్చీ ఉంది. మామ్మగారి గురించి అడిగితే, కొడుకు దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోయారని చెప్పాడు. ఫోన్ నంబర్ కనుక్కుంటానన్నాడు, ఇంకా చేయలేదు.